గుత్త నుంచి నల్లజాబితా దాకా

కార్వేటినగరం వైపు మామిడితోటను గుత్తకిస్తారు, చెరువులో చేపలను గుత్తకు పాడుకుంటారు. ఇంత మొత్తమని ముందే తేల్చుకొని, ఆపై లాభమైనా నష్టమైనా పాడుకున్నవాడి నెత్తినే వేయడం గుత్త. సరిహద్దు దాటి తిరుత్తణికి పోతే అదే కుత్తగై, కన్నడంలో గుత్తిగె. దీనికి పారసీ ‘దారు’ తగిలించి గుత్తేదారు అన్నారు. పత్రికల్లో తప్ప ఈ మాట పెద్దగా వినబడదు. రోడ్డు వేసేవాడు ఊళ్లో కాంట్రాక్టరే.

ఆ కాంట్రాక్టరు దగా చేస్తే ఎక్కేది నల్లజాబితా. నలుపు ఇంగ్లీషు నుంచి దిగింది. జాబితా అరబ్బీ ‘జాబ్తా’. అక్కడ దాని అర్థం నియమం. మన దగ్గర అది ఉత్త పట్టీ అయిపోయింది. కానీ కోర్టులు ఆ పట్టీకి మళ్లీ నియమం పెట్టాయి. పేరెక్కించే ముందు సంజాయిషీ చెప్పుకోనివ్వాలని సుప్రీంకోర్టు 1974లో ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో తేల్చింది. శాశ్వత నిషేధం కుదరదని 2013లో కుల్జా ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది.

తిరుమల నెయ్యి వివాదంలో 2024లో టీటీడీ దిండిగల్ ఏఆర్ డెయిరీని ఈ జాబితాలో పెట్టాక, టీకొట్టు దగ్గర కూడా ‘బ్లాక్‌లిస్టు’ నలిగింది. ఢిల్లీ కాగితాల్లో మాత్రం ఇప్పుడు ‘డిబార్‌మెంట్’ అంటున్నారు. 2017 కేంద్ర ఆర్థిక నియమాల ప్రకారం, కొనుగోలు చేసే శాఖ తనంతట తాను విధించే నిషేధం రెండేళ్లు మించకూడదు.