తాళం పడిన ఇల్లు, నంబరు లేని గది

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. తెలంగాణ ఏర్పడి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. ఉపాధ్యాయులం కాబట్టి మాకు ఎన్యూమరేటర్ డ్యూటీ పడింది. మాలో కొందరికి నారాయణఖేడ్ వైపు తండాలు వచ్చాయి, కొందరికి పటాన్‌చెరు చుట్టూ ఉన్న కంపెనీ ఊళ్లు వచ్చాయి. ముందు రోజు సాయంత్రం నుంచే బస్సుల్లో నిలబడటానికి చోటు లేదు. లెక్కలో పేరు లేకపోతే రేషన్ కార్డు పోతుంది, పింఛను పోతుంది, ఇల్లు రాదు అని ఊరూరా మాట పాకింది. మనవాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని తండాలకు బయలుదేరారు.

తెల్లవారి తండాలకు వెళ్లినవాళ్లకు ఏడాదిలో పది నెలలు తాళం ఉండే ఇళ్లు తలుపులు తీసి కనిపించాయి. ముంగిట అలికి ఉంది, పొయ్యి వెలుగుతోంది. ఇస్నాపూర్, పాశమైలారం వైపు వెళ్లినవాళ్లకు రేకుల గదుల వరసలన్నీ తాళాలతో కనిపించాయి. రాత్రి ఫోన్లో మాట్లాడుకుంటే నవ్వొచ్చింది. ఒకే కుటుంబం ఒకచోట ఉన్నట్టు రాసుకున్నాం, మరోచోట లేనట్టు రాసుకున్నాం. బతికే చోట లేరు. లేని చోట ఉన్నారు. కాగితం మాత్రం తప్పు కాదు, ఆ రోజు వాళ్లు అక్కడే ఉన్నారు కదా!

ఈ రెండు తాళాల వెనక యాభై ఏళ్ల కథ ఉంది. పాఠ్యపుస్తకంలో అది లేదు కాబట్టి మన పిల్లల కోసం, వాళ్లకు చదువు చెప్పే మనకోసం ఇక్కడ రాస్తున్నాం.

ముందు తండా సంగతి. తెలంగాణలో లంబాడీలు మొదటి నుంచీ షెడ్యూల్డ్ తెగల జాబితాలో లేరు. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం తర్వాతే, అది అమల్లోకి వచ్చిన 1977 నుంచే మనం ఎస్టీలం. అయినా ఉమ్మడి మెదక్ జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఏజెన్సీలో ఉంది, ఇక్కడ లేదు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే తర్వాతి కథ చాలావరకు అర్థమవుతుంది.

రెండో సంగతి ఇంటి జాగా. రెవెన్యూ లెక్కల్లో ఊరికి గ్రామకంఠం ఉంటుంది. ఇళ్లు కట్టుకునే భూమి అది. తండా ఆ ఊరికి శివారు. అడవి అంచునో, గుట్ట పక్కనో, సర్కారు భూమిలోనో, పొలంలోనో మన పెద్దలు గుడిసెలు వేసుకున్నారు. గ్రామకంఠం అసలు ఊళ్లోనే ఉండిపోయింది. కాబట్టి తండాలో మూడు తరాలుగా ఉన్న మనిషి చేతిలో కూడా ఇంటి జాగా కాగితం ఉండదు. 2018 పంచాయతీరాజ్ చట్టం కింద తండాలు గ్రామ పంచాయతీలు అయ్యేదాకా ఇంటి నంబరు కోసం కూడా పక్క ఊరి గడప తొక్కాల్సి వచ్చింది.

ఈ పరిస్థితిలోకి సర్కారు ఇల్లు వచ్చింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం బలహీన వర్గాలకు పక్కా ఇళ్లు మొదలుపెట్టింది. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన తెచ్చింది. అది మొదట్లో ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విడుదలైన కూలీలకు మాత్రమే. మనం ఎస్టీలమై అప్పటికి ఎనిమిదేళ్లు. తండాకు అడిగి వచ్చిన తొలి సర్కారు వస్తువు అదే అంటే అతిశయోక్తి కాదు. బడి కంటే ముందు, రోడ్డు కంటే ముందు ఇల్లు వచ్చిన తండాలు మాకు తెలుసు.

ఆ ఇల్లు ఇరవై చదరపు మీటర్లు. అంటే ఒక గది, ఒక వసారా. సర్వేలో ఒక ముసలాయన్ను, "తాతా, ఈ ఇంట్లో ఎవరుంటరు?" అని అడిగితే, "మేకలుంటయి సారూ. మేం గుడిసెల ఉంటం" అన్నాడు. ఎండాకాలం స్లాబు కింద మనిషి పడుకోలేడు, గుడిసెలో పడుకోగలడు. మేకలకు తోడేళ్ల భయం ఉంటుంది కాబట్టి గట్టి గోడ వాటికి కావాలి. ఆయన లెక్క తప్పు కాదు. కానీ మా ఫారంలో 'పక్కా ఇల్లు ఉంది' అనే గడిలోనే గీత పెట్టాం. ఆ గీతతో ఆ కుటుంబానికి మరో ఇల్లు రాదు.

ఇల్లు పూర్తిగా ఉచితం కూడా కాదు. ఇందిరా ఆవాస్ కింద మైదాన ప్రాంతంలో ఒక ఇంటికి 2004లో ఇచ్చింది 25,000 రూపాయలు, 2008 నుంచి 35,000, 2010 నుంచి 45,000. ఇది కూడా ఒకేసారి రాదు. బేస్‌మెంటు అయితే ఒక బిల్లు, గోడలు లేస్తే ఒక బిల్లు, స్లాబు పడితే ఒక బిల్లు. మొదటి బిల్లు రావాలంటే ముందు చేతి డబ్బు పెట్టాలి. మేస్త్రీ ఆగడు, సిమెంటు అప్పుకు దొరకదు. కాబట్టి తండా మనిషి చెరకు నరికే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. దసరా దాటగానే ఆలుమగలిద్దరూ బండెక్కి జహీరాబాద్ వైపో, బీదర్ వైపో వెళ్లాలి. కట్టుకున్న ఇంటికి తాళం పడుతుంది. మా బడుల్లో నవంబరు నుంచి మార్చి దాకా హాజరు పట్టికలో ఎర్ర గీతలు ఎందుకు పెరుగుతాయో అడిగిన అధికారులకు మేము ఈ మాటే చెబుతూ వచ్చాం. ఇంటి అప్పు ఒక్కటే వలసకు కారణం అనం. వాన, బోరు, పెళ్లి, రోగం అన్నీ ఉన్నాయి. కానీ నీడ కోసం చేసిన అప్పు నీడలో ఉండనివ్వలేదన్నది మేము కళ్లారా చూసినదే.

2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. అర్హులందరికీ మూడు విడతల్లో ఇళ్లు అన్నారు. చాలా తండాల్లో నిజంగానే ఇళ్లు లేచాయి. కాగితాల మీద మాత్రమే లేచినవీ ఉన్నాయి. 2014లో కొత్త ప్రభుత్వం ఆ అక్రమాల మీద సీఐడీ విచారణకు ఆదేశించి బిల్లులు ఆపింది. దొంగ బిల్లు తిన్నవాడికి ఏమైందో గానీ, నిజంగా గోడలు లేపినవాడికి స్లాబు ఆగింది. ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డ ఇళ్లు తండాల్లో ఏళ్ల తరబడి ఉన్నాయి. వాటి మధ్య పిల్లలు దాగుడుమూతలు ఆడేవారు.

ఇక పటాన్‌చెరు వైపు వద్దాం. 1960లలో రామచంద్రాపురంలో భెల్ వచ్చింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. 1973లో పరిశ్రమల మౌలిక వసతుల సంస్థ ఏర్పడ్డాక పటాన్‌చెరు, బొల్లారం, ఆ తర్వాత పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎంపీగా గెలిచారు. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారానికి 1984లో పునాది పడింది. వెనకబడిన జిల్లా అని చెప్పి కంపెనీలకు రాయితీలు ఇచ్చారు. వెనకబాటు మనది, రాయితీ వాళ్లది.

ఇందులో ఒక తేడా పిల్లలకు చూపించాలి. భెల్‌కు టౌన్‌షిప్ ఉంది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, చెట్లు ఉన్నాయి. ఎద్దుమైలారంలోనూ క్వార్టర్లు ఉన్నాయి. కార్ఖానా పెడితే కార్మికుడికి ఇల్లు కూడా కట్టాలన్నది ఆ కాలపు ఆలోచన. పారిశ్రామిక కార్మికుల ఇళ్లకు రాయితీ ఇచ్చే పథకం కేంద్రం 1952లోనే తెచ్చింది. ప్రైవేటు వాడల దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ఎక్కడో జారిపోయింది. కంపెనీకి ప్లాటు ఇచ్చారు, రోడ్డు వేశారు, కరెంటు ఇచ్చారు. కాంట్రాక్టు కూలీ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది ఎవరి ఫైలులోనూ లేదు. ఆ ఖాళీని చుట్టుపక్కల ఊళ్లు నింపాయి. ఎకరం మిగిలిన రైతు అందులో రేకుల గదులు వేశాడు. వరసకు పది, పదిహేను గదులు, చివర రెండు మరుగుదొడ్లు, ఒక బోరు. ఆ బోరు నీళ్లు ఎలాంటివో నక్కవాగు చరిత్ర తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పరిశ్రమల వ్యర్థాలతో పాడైన ఆ వాగు మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది.

ఆ గదుల్లోకి నారాయణఖేడ్, కంగ్టి తండాల మనవాళ్లు చేరారు, బిహార్, ఒడిశా కూలీలు కూడా చేరారు. తండా నుంచి గదికి వంద కిలోమీటర్లు అటూ ఇటూ. ఉమ్మడి మెదక్‌లోనూ, 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాకా రెండూ ఒకే కలెక్టరు కిందే ఉన్నాయి. అయినా ఇళ్ల జాబితాల లెక్కలో అవి రెండు దేశాలు.

ఎట్లాగంటే, 2015లో డబుల్ బెడ్‌రూం పథకం వచ్చింది. లబ్ధిదారు పైసా పెట్టనవసరం లేదు, సర్కారే కట్టి ఇస్తుంది. ఇది చిన్న విషయం కాదు, పాత బిల్లుల బాధ తెలిసిన మేము దాన్ని తక్కువ చేయలేం. పల్లెల్లో ఎస్సీ, ఎస్టీలకు సగం ఇళ్లు అన్నారు. కానీ పల్లెలో ఇంటికి 5.04 లక్షలే. ఆ ధరకు మారుమూల తండాలో పది ఇళ్లు కట్టడానికి కాంట్రాక్టరు ముందుకు రాడు. ఇళ్లు గుట్టలుగా లేచింది నగరం చుట్టూ. అందులో అన్నిటికంటే పెద్దది మన జిల్లాలోనే ఉంది. కొల్లూరులో ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. 2023 జూన్ 22న ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు.

స్థానికులకు ఒక చిన్న వాటా పోగా ఆ ఇళ్లు హైదరాబాద్ నగర జాబితాలోని పేదలవి. భూమి సంగారెడ్డిది, జాబితా నగరానిది. నగర బస్తీల నుంచి వచ్చినవాళ్ల మీద మాకు పేచీ లేదు. వాళ్లూ లాటరీలో పేరు తగిలి, చేసుకునే పనికి ముప్పై కిలోమీటర్ల దూరం వచ్చి పడ్డవాళ్లే. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు బస్సు ఛార్జీకే కూలి పోతుందని తిరిగి బస్తీలో అద్దెకు వెళ్లారు. అక్కడ కూడా ఫ్లాట్లకు తాళాలు పడ్డాయి. ఇటు ఇస్నాపూర్ గదిలో ఉండే తండా మనిషి దరఖాస్తు పెడదామని వెళితే, "నీ కార్డు నారాయణఖేడ్‌ది, అక్కడ అడుగు" అన్నారు. తండాలో అడిగితే, "నువ్వు ఊళ్లో ఉండవు, నీకు పాత ఇల్లు ఉన్నట్టు రాసి ఉంది" అన్నారు. 2014 డిసెంబరు నాటి జీవో 58 కింద సర్కారు జాగాలో గుడిసె వేసుకున్నవాళ్లకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధం చేశారు. అద్దె కట్టి బతికినవాడికి అదీ వర్తించదు.

ఫ్లాటు వచ్చినా మన బతుకు అందులో పట్టాలి కదా. తీజ్‌కు ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచడానికి నాయక్ ఇంటి ముందు చోటు కావాలి. శీత్లా పండుగకు పశువులు నడిచే దారి కావాలి. పటాన్‌చెరు వైపు ఎరుకల కుటుంబాలకు పందుల దొడ్డి కావాలి, అది వాళ్ల బ్యాంకు. తొమ్మిదో అంతస్తులో ఇవేవీ కుదరవు. అయినా మా యువకులు కొందరు, "సార్, తీజ్ ఎక్కడైనా చేసుకుంటం, ముందు నీళ్లు పడని కప్పు ఉండనీ" అంటారు. వాళ్ల మాటకు మా దగ్గర జవాబు లేదు.

2020 లాక్‌డౌన్‌లో కప్పు సంగతి దేశమంతా చూసింది. కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న వలస కూలీలు ఏప్రిల్ చివర్లో ఊరికి పంపమని తిరగబడ్డారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరిన రైలు దేశంలోనే మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు. ఆ జులైలోనే కేంద్రం వలస కార్మికులకు తక్కువ అద్దె ఇళ్ల పథకాన్ని ఆమోదించింది. మా బడికి వచ్చే పిల్లల్లో ఆ అద్దె ఇంట్లో ఉన్నామని చెప్పినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఐదు లక్షల సాయం, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. దరఖాస్తులను మూడు జాబితాలు చేశారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా కూడా లేనివాళ్లు ఎల్-2, మిగతావాళ్లు ఎల్-3. ముందు ఎల్-1కే. జాగా లేనివాడే అందరికంటే పేదవాడు, వాడే ఆగాలి. తండాలో జాగా ఉన్నవాళ్లకు ఇళ్లు మంజూరవుతున్నాయి, ఇది మంచిదే. బిల్లులు మళ్లీ దశలవారీగానే. బేస్‌మెంటు కోసం అప్పు మళ్లీ మొదలైంది. యువకులు తమ తండాలో ఒక నోటుబుక్కు పెట్టి ఏ ఇంటికి ఏ బిల్లు ఏ తేదీన వచ్చింది, ఎంత అప్పు అయింది, ఎవరు వలస పోయారు అన్నవి రాసి ఉంచాలని మేము అడుగుతున్నాం. పాత ఇళ్లకు ఇలాంటి లెక్క ఎవరూ రాయలేదు.

2024 నవంబరులో సమగ్ర ఇంటింటి సర్వే వచ్చింది. మళ్లీ మాకే డ్యూటీ. ఈసారి ఒక్క రోజు కాదు, వారాల తరబడి జరిగింది కాబట్టి మనుషులు గదుల్లోనే దొరికారు. ముందు ఇళ్ల జాబితా రాసి తలుపుకు స్టిక్కరు అంటించాలి. పాశమైలారం దగ్గర ఒక వరసలో స్టిక్కర్లు అంటిస్తుంటే గదుల యజమాని పరుగెత్తుకొచ్చాడు. "సార్, ప్రతి తలుపుకు పెట్టకండి, పన్ను పెంచుతరు" అన్నాడు. ఇంటి నంబరు అడిగాం. గేటు పక్కన గోడ మీద రాసి ఉన్నది చూపించాడు. పద్నాలుగు గదులకు అదొక్కటే నంబరు.