దయ్యాల చోట్లు ఎవరివి? వెయ్యి ఉరుల మర్రి నుంచి ఇంద్రవెల్లి దాకా

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపిగ్గా చదవండి.

మన హాస్టళ్లల్లో ఏ బ్లాకుకు ఆ బ్లాకు ఒక దయ్యం కథ ఉంటది. కరెంటు పోయిన రాత్రి సీనియర్లు చెప్తరు, జూనియర్లు దుప్పటి ముసుగేసుకుని వింటరు. మేము కూడా విన్నం, మేము కూడా చెప్పినం. ఫోన్లల్ల అయితే భాన్‌గఢ్ వీడియోలకు లెక్కే లేదు. రాజస్థాన్‌ల ఆ కోట ముందు పురావస్తు శాఖ బోర్డు పెట్టింది, పొద్దు గూకినంక, పొద్దు పొడవక ముందు లోపలికి పోవద్దని. ఆ బోర్డు చూసే సగం మంది భయపడతరు. మరి మన జిల్లాలో కూడా అట్లాంటి చోట్లున్నయి, వాటి గురించి మనమే ఎందుకు రాసుకోవట్లేదు అనిపించి ఇది రాస్తున్నం.

మొదట నిర్మల్. కొయ్య బొమ్మలకు పేరు పడ్డ ఊరు. ఆ ఊరి దగ్గర ఒకప్పుడు పెద్ద మర్రి చెట్టుండె. దానికి రెండు పేర్లు. కొందరు వెయ్యి ఊడల మర్రి అంటరు, కొందరు వెయ్యి ఉరుల మర్రి అంటరు. పలికేటప్పుడు పెద్ద తేడా తెల్వదు. కానీ ఊడ అంటే చెట్టు పెంచుకున్నది, ఉరి అంటే మనిషి కట్టింది. ఆ రెండు మాటల మధ్యల మన చరిత్ర ఉన్నది.

1857 తిరుగుబాటు అణిగిపోయినంక తప్పించుకుని వచ్చిన రోహిల్లాలు గోదావరి పక్క అడవులల్లకు చేరిన్రు. ఇక్కడ రాంజీ గోండు అప్పటికే గోండులను కూడగట్టి ఉన్నడు. ఇద్దరూ కలిసిన్రు. మతం వేరు, భాష వేరు, ఆయుధాలు తక్కువ. అయినా నిర్మల్ చుట్టుపక్కల ఇటు బ్రిటిష్ వాళ్లకు, అటు నిజాం సర్కారుకు నిద్ర లేకుండ చేసిన్రు. చివరికి 1860లో రాంజీని పట్టుకుని, ఆయనతో పాటు వెయ్యి మందిని ఆ మర్రికే ఉరి తీసిన్రని మన పెద్దలు చెప్తరు. ఆ లెక్క చెట్టు పేరులోనే నిలిచిపోయింది. రాంజీ పేరు తప్ప మిగతా వాళ్ల పేర్లు దాదాపు ఏవీ మనదాకా రాలేదు. ఇంతమందిని చంపినోళ్లకు పేర్లు రాసి పెట్టాలన్న అవసరం కనిపించలేదేమో.

ఇప్పుడు ఆలోచించండి. కొమ్మ కొమ్మకు మనుషులు వేలాడిన చెట్టు కింద నుంచి ఆ తర్వాత ఎవరు నడుస్తరు? భయం ఊరికే పుట్టదు. అందరికీ కనబడేట్టు, దారి పక్కన, పెద్ద చెట్టుకు ఉరి తీసిందే చూసినోళ్లు భయపడాలని. చంపుడు ఒక్క దినం పని, భయం మాత్రం తరాల దాకా పని చేస్తది. ముందు అది సర్కారు భయం. తాతలు పోయి, మనుమలు వచ్చేసరికి సర్కారు పేరు పోయి దయ్యం పేరు మిగులుతది. అక్కడ దయ్యాలుంటయి అంటే పిల్లలు ఆ దిక్కు పోరు. ఎవరు చచ్చిన్రు, ఎవరు చంపిన్రు అని అడగరు. చంపినోనికి ఇంతకంటే సుఖం ఏముంటది?

నిజానికి మన కోయ్‌తూర్‌లల్ల చనిపోయినోళ్లంటే ఇట్లా వణుకుడు ఉండదు. దినాలు చేస్తం, తిండి పెడతం, ఆ తర్వాత పెర్సాపెన్‌ల కలిపే క్రతువు చేస్తం. అది అయినంకనే ఆ మనిషి పెద్దలల్ల చేరినట్టు. చచ్చినోళ్లు మనకు ఇంటోళ్లే. మరి ఆ క్రతువు చేయడానికి ఎవరూ మిగలకపోతే? శవాన్ని దించుకునే ధైర్యమే ఎవరికీ లేకపోతే? మాకు అనిపించేది ఏందంటే, అట్లాంటి చోట మన పెద్దలకు ఉన్నది దయ్యం భయం కాదు, చేయాల్సింది చేయలేదన్న బాధ. బయటోళ్లు దాన్నే దయ్యం అన్నరు, మనం కూడా వాళ్ల మాటే నేర్చుకున్నం. (ఈ మాట మీద మీ ఇండ్లల్ల పెద్దలు వేరేగా చెప్తే తప్పకుండ రాయండి.)

ఇక ఇంద్రవెల్లి. నాగోబా కొలువున్న కేస్లాపూర్ ఈ మండలమే. 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి దినం. గిరిజన రైతు కూలీ సంఘం మీటింగు పెట్టింది. అడిగింది పెద్దదేం కాదు, సాగు చేసుకునే భూమికి పట్టాలు, పంటకు సరైన ధర, షావుకార్ల దోపిడీ ఆగాలని. 1970లోనే 1/70 చట్టం వచ్చినా భూములు పోతూనే ఉన్నయి. మీటింగుకు ముందు పర్మిషన్ ఇచ్చి తర్వాత రద్దు చేసిన్రు. ఆ సంగతి గూడేలకు ఎట్లా తెలుస్తది? డప్పులు, తుడుంలతోటి జనం వచ్చిన్రు, పోలీసులు కాల్చిన్రు. సర్కారు 13 మంది అన్నది. పౌరహక్కుల సంఘాలు 60కి పైగా అన్నయి. గాయాలైనోళ్లు కేసులకు భయపడి ఆసుపత్రికి పోకుండ అడవిలకు పోయిన్రని పెద్దలు ఇప్పటికీ చెప్తరు.

1983లో అక్కడ ఎర్ర స్థూపం కట్టిన్రు. 1986లో కూల్చేసిన్రు. 1987లో ఐటీడీఏ మళ్లీ కట్టింది. కట్టినా ఏం లాభం, ఏప్రిల్ 20 వచ్చిందంటే ఏండ్ల తరబడి 144 సెక్షన్, దారి పొడుగునా పోలీసులు. భాన్‌గఢ్‌ల రాత్రి పూట పోవద్దంటరు. ఇంద్రవెల్లిల పట్టపగలు పోవద్దన్నరు, పూలు పట్టుకుని పోయే అన్నదమ్ములనే ఆపిన్రు. ఒక రాతి స్తంభం దగ్గర ఇంతమంది తుపాకులు పట్టుకుని నిలబడ్డరంటే భయపడ్డది ఎవరు? మనమైతే కాదు. దయ్యాలకు 144 పెట్టిన సర్కారును ఇక్కడే చూసినం.

ఈ మధ్య మారింది. 2024 ఫిబ్రవరిల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్థూపం దగ్గర నివాళి అర్పించి స్మృతివనానికి శంకుస్థాపన చేసిన్రు. 1940లో కుమ్రం భీం ప్రాణాలిడిసిన జోడేఘాట్‌కు ఇప్పుడు రోడ్డుంది, మ్యూజియం ఉంది, ఆశ్వయుజ పౌర్ణమి నాడు వేల మంది పోతరు. అక్కడ ఎవరూ దయ్యం కథ చెప్పరు, గమనించిన్రా? ఏం జరిగిందో అందరికీ తెలుసు, ఏటేటా పూజ జరుగుతది, కాబట్టి.

నిర్మల్ మర్రి ఇప్పుడు లేదు. ఊర్ల రాంజీ గోండు విగ్రహం అయితే ఉన్నది. చెట్టును కండ్లతోటి చూసిన ముసలోళ్లు ఇంకా కొందరు ఉన్నరు.

అందుకని ఈ దసరా సెలవులకు ఇంటికి పోయేటోళ్లకు ఒక పని. మీ ఊరి పొలిమేరల పోవద్దనే చెట్టో, వాగో, పాడుబడ్డ బంగ్లానో ఉంటది గదా. దాని పేరేంది, పేరు ఎందుకు వచ్చింది, ఎప్పటి నుంచి భయపడుతున్నరు అని అవ్వను, తాతను, పటేల్‌ను అడగండి. గోండి, కొలామి, ఏ భాషల చెప్తే ఆ భాషలనే ఫోన్ల రికార్డు చేయండి. తెలుగు తర్వాత చేసుకుందం.