రహస్య ఓటు దాకా: పోలింగ్ కేంద్రంలో వికలాంగుల హక్కుల ఉద్యమం

2004లో హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ శాసనసభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. ఎన్నికల సంఘం ఈవీఎంపై బ్రెయిలీ అంకెలను ప్రయోగాత్మకంగా పెట్టి చూసింది అక్కడే. తర్వాతి నియోజకవర్గాల పునర్విభజనలో ఆసిఫ్‌నగర్ స్థానం పేరే పోయింది. కానీ 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి ఆ అంకెలు దేశమంతటికీ చేరాయి. సమాజం వికలాంగులను ఏ మేరకు కలుపుకుందో తెలుసుకోవడానికి పోలింగ్ కేంద్రాన్ని మించిన చోటు లేదన్నది నా వాదన. పింఛను ఇంటికే వస్తుంది, రిజర్వేషన్ కొందరికే దక్కుతుంది. ఓటు అలా కాదు. అందరితో పాటు వరుసలో నిలబడి, ఎవరికీ తెలియకుండా వేయాల్సినది.

ఉద్యమం ముందుగా అడిగింది లెక్క. 1981 జనగణనలో మూడు రకాల వైకల్యాల గురించే అడిగారు; 1991లో ఆ ప్రశ్ననే తీసేశారు. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది గానీ, అది ఎంతమందికి వర్తిస్తుందో చెప్పే తాజా జనగణన లెక్క లేదు. వికలాంగుల హక్కుల ఉద్యమకారుడు జావెద్ అబిది, ఆయన సహచరులు పట్టుబట్టడంతో 2001లో ప్రశ్న తిరిగి చేరింది. దేశంలో 2.19 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 13.65 లక్షల మంది ఉన్నట్టు తేలింది. ప్రశ్నను మార్చి అడిగిన 2011లో ఉమ్మడి రాష్ట్రపు సంఖ్య 22.66 లక్షలు దాటింది. పదేళ్లలో వైకల్యమే అంతగా పెరిగిందనుకోలేం. అడిగే తీరు మారిందన్నదే సరైన వివరణ అని నా అభిప్రాయం.

లెక్క తేలాక గడప దాటే పోరాటం మొదలైంది. 2004 లోక్‌సభ ఎన్నికల వేళ అబిది నాయకత్వంలోని డిజేబుల్డ్ రైట్స్ గ్రూప్ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. కోర్టు జోక్యంతో పోలింగ్ కేంద్రాల దగ్గర చెక్క ర్యాంపులు వచ్చాయి. ఎన్నిక ముగియగానే చెక్క ర్యాంపు వెళ్లిపోతుంది, మెట్లు మిగులుతాయి. మన పోలింగ్ కేంద్రాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ బడులే కనుక ఇది చిన్న విషయం కాదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ర్యాంపుకు సాధారణ ప్రమాణం. అంటే రెండడుగుల ఎత్తున్న వరండాకు ఇరవై నాలుగు అడుగుల వాలు కావాలి. ఆ కొలతతో సిమెంటు ర్యాంపు కడితే ఐదేళ్లకోసారి వచ్చే ఓటరుకే కాదు, రోజూ బడికి రావాల్సిన పిల్లకూ దారి దొరుకుతుంది. నిటారుగా పోసిన ర్యాంపు మీద మాత్రం వీల్‌చైర్‌ను వెనక నుంచి ఇద్దరు నెట్టాలి.

లోపలికి వెళ్లాక అసలు పరీక్ష ఎదురవుతుంది. బ్యాలెట్ యూనిట్ మీద బ్రెయిలీలో ఉండేవి వరుస సంఖ్యలు మాత్రమే. అభ్యర్థుల పేర్లు బ్రెయిలీ డమ్మీ బ్యాలెట్ పత్రంలో ఉంటాయి. ఓటరు దాన్ని చదివి, తనకు కావాల్సిన సంఖ్యను గుర్తుపెట్టుకుని, యంత్రం మీద వేలితో తడిమి మీట నొక్కాలి. బ్రెయిలీ రానివారికి 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 49ఎన్ కింద తోడు తెచ్చుకునే వీలుంది. తోడు వచ్చేవారికి పద్దెనిమిదేళ్లు నిండాలి. వారు ఆ రోజు మరొకరికి తోడు వెళ్లకూడదు, ఓటు రహస్యాన్ని కాపాడతామని ప్రకటన ఇవ్వాలి. అయితే ఓటరు తనంతట తాను ఓటు వేయలేరని నిర్ణయించేది ప్రిసైడింగ్ అధికారి. చూపు లేదనగానే తోడు తప్పదని ఆ అధికారి అనుకుంటే బ్రెయిలీ అంకెలు యంత్రం మీద ఉండీ లేనట్టే. ఇక 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని స్థానాలకూ వచ్చిన, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్ల పాటు కంటికి మాత్రమే కనిపిస్తుంది. తన ఓటు తాను అనుకున్న అభ్యర్థికే పడిందా అని సరిచూసుకునే హక్కు అంధ ఓటరుకు ఇప్పటికీ అందలేదు.

2024 లోక్‌సభ ఎన్నికల్లో నలభై శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి ఇంటి నుంచే ఓటు వేసే అవకాశం దేశవ్యాప్తంగా వచ్చింది. అప్పటికి జాబితాలో ఉన్న వికలాంగ ఓటర్లు 88 లక్షలకు పైనే. మంచం దిగలేని మనిషికి ఇది గొప్ప మేలు, అందులో సందేహం లేదు. నా ఆందోళన వేరు. ఇంటికే వచ్చారు కదా, బడికి ర్యాంపు ఎందుకన్న మాట ఏ అధికారి నోటా రాకూడదు. పైగా నలుగురూ కూర్చునే ఇంట్లో రహస్యం నిలవడం కష్టం, ముఖ్యంగా కుటుంబం మాటకు ఎదురు చెప్పలేని స్త్రీలకు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 11వ సెక్షన్ పోలింగ్ కేంద్రాలన్నీ వికలాంగులకు అందుబాటులో ఉండేలా చూడాలని ఎన్నికల సంఘాలను ఆదేశించింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. అందుబాటు ప్రమాణాలు సిఫార్సులుగా మిగిలిపోతే చాలదని, తప్పనిసరి నిబంధనలు కావాలని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన క్షేత్ర నివేదికను రూపొందించింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం. అంత దగ్గర తయారైన జ్ఞానాన్ని మన పోలింగ్ సిబ్బంది శిక్షణలో వాడుకోవాలి. తదుపరి ఎన్నికకు ముందే ప్రతి పోలింగ్ కేంద్రాన్నీ వికలాంగుల సంఘాల చేత తనిఖీ చేయించాలని, శిక్షణ తరగతుల్లో ఒక పూట బోధనను ఆ సంఘాల ప్రతినిధులకే అప్పగించాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రధాన ఎన్నికల అధికారులను కోరుతున్నాను.