ఒక్క కేబుల్ ఎక్స్‌ట్రా పెడితే నెట్‌వర్క్ ఎందుకు పడిపోతుంది? స్పానింగ్ ట్రీ కథ

కాలేజీలోనో ఆఫీసులోనో ఫోన్‌కి వైఫై కనెక్ట్ చేస్తారు కదా. ఆ సిగ్నల్ గాల్లో వెళ్లేది గోడ మీదున్న వైఫై బాక్స్ దాకే. అక్కడి నుంచి అంతా కేబులే. ఆ కేబుళ్లన్నీ చేరేది స్విచ్‌లోకి. మేనేజ్డ్ స్విచ్ సెట్టింగ్స్ ఓపెన్ చేస్తే వీలాన్, ఎస్‌టీపీ, ఆర్‌ఎస్‌టీపీ అని బోలెడు పేర్లు కనిపిస్తాయి. ఇవాళ వాటిలో ఎస్‌టీపీ, అంటే స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్, ఎలా పుట్టిందో చెప్పుకుందాం. ఇది పని చేయకపోతే ఒక పెద్ద హాస్పిటల్ ఏమైపోయిందో కూడా చూద్దాం.

ముందు 1973కి వెళ్దాం. అమెరికాలో జిరాక్స్ పార్క్ అనే ల్యాబ్‌లో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఐడియా రాశాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని తయారు చేశాడు. ఒకే పొడవాటి కేబుల్, దానికే అన్ని కంప్యూటర్లూ. ఒకరు మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది. 1980లలో కంపెనీలు పెరిగాయి, ఒక కేబుల్ సరిపోలేదు. రెండు ఈథర్‌నెట్‌లని కలపడానికి బ్రిడ్జ్ అనే పెట్టె వచ్చింది.

ఇక్కడే చిక్కు మొదలైంది. ఒక దారి తెగినా పని ఆగకూడదని రెండో దారి కూడా పెడతాం. అది మంచిదే కదా? ఈథర్‌నెట్‌లో మాత్రం ప్రమాదం. మీ ఫోన్ నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకో ఐపీ అడ్రస్ ఇవ్వండి" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. దీన్నే బ్రాడ్‌కాస్ట్ అంటారు. స్విచ్ దాన్ని, వచ్చిన పోర్ట్ తప్ప మిగతా అన్ని పోర్టుల్లోకీ పంపుతుంది. రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు ఉన్నాయనుకోండి, ఆ మెసేజ్ ఒకదాంట్లో వెళ్లి ఇంకోదాంట్లో తిరిగొస్తుంది. మళ్లీ వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అనే లెక్క ఉంటుంది, రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గి, సున్నా అయితే ప్యాకెట్ చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి అలాంటి ఆయుష్షు లెక్క లేదు. అందుకే ఆగదు. క్షణాల్లో నెట్‌వర్క్ నిండిపోతుంది. దీని పేరు బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, అంటే డెక్ కంపెనీలో ఈ పని రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీర్ చేతికొచ్చింది. షరతు ఏంటంటే, నెట్‌వర్క్ ఎంత పెరిగినా ఒక్కో బ్రిడ్జ్ గుర్తుపెట్టుకోవాల్సింది పెరగకూడదు. ఆవిడ కొద్ది రోజుల్లోనే దారి కనిపెట్టి, స్పెసిఫికేషన్ రాసేసి, మిగిలిన టైమ్‌లో దాని మీద "ఆల్గోరైమ్" అని ఒక కవిత కూడా రాసింది! 1985లో పరిశోధన పత్రం వచ్చింది. 1990లో 802.1డీ స్టాండర్డ్ అయింది.

ఐడియా సింపుల్. స్విచ్‌లు తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకుంటాయి. ఆ పెద్దని రూట్ బ్రిడ్జ్ అంటారు. ఎవరి నంబర్ చిన్నదైతే వాళ్లే రూట్. మిగతా ప్రతి స్విచ్ రూట్‌కి దగ్గర దారి ఏదో లెక్కేసుకుంటుంది. అదనంగా ఉన్న దారిని బ్లాక్ చేస్తుంది. కేబుల్ అలాగే ఉంటుంది, డేటా మాత్రం పోదు. అసలు దారి తెగితే బ్లాక్ చేసింది తెరుచుకుంటుంది. పాత ఎస్‌టీపీలో దీనికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన ఆర్‌ఎస్‌టీపీ ఆ టైమ్‌ని బాగా తగ్గించింది.

ఈలోగా బ్రిడ్జ్ కాస్తా స్విచ్ అయింది. 1990లో ఈథర్‌నెట్ స్విచ్‌ని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీ పేరు తెలుసా? కల్పన! భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్ పెట్టిన కంపెనీ. 1994లో దాన్ని సిస్కో కొనేసింది.

ఇప్పుడు హాస్పిటల్ దగ్గరికి వద్దాం. 2002 నవంబర్, బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్. నెట్‌వర్క్ ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా అతుక్కుంటూ పెరిగింది. స్పానింగ్ ట్రీకి వరసగా 7 స్విచ్‌లు దాటకూడదని ఒక హద్దుంది, అది దాటిపోయింది. ఒక రోజు డేటా బరువు పెరిగేసరికి లెక్క తప్పింది, లూప్ పడింది. సుమారు నాలుగు రోజులు హాస్పిటల్ కాగితాల మీద నడిచింది. ల్యాబ్ రిపోర్టులు మనుషులు మోసుకెళ్లారు. అక్కడి ఐటీ పెద్ద జాన్ హలమ్కా జరిగింది దాచకుండా బయట చెప్పాడు. దాంతో మిగతా హాస్పిటళ్లూ తమ నెట్‌వర్క్‌ల వైపు చూసుకునే అవకాశం దొరికింది.

మీరు నెట్‌వర్కింగ్ నేర్చుకుంటుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. డిఫాల్ట్‌గా అన్ని స్విచ్‌ల ప్రయారిటీ 32768. అందరిదీ ఒకటే అయితే చిన్న మ్యాక్ అడ్రస్ ఉన్నది గెలుస్తుంది. అంటే మూలన పడున్న ముసలి స్విచ్ మొత్తం బిల్డింగ్‌కి రూట్ అయిపోవచ్చు. కాబట్టి రూట్ ఎవరో మీరే డిసైడ్ చేయండి, మధ్యలో ఉన్న బలమైన స్విచ్‌కి ప్రయారిటీ నంబర్ తగ్గించండి.

నచ్చితే ఫ్రెండ్స్‌కి షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో వీలాన్ కథ చెప్పుకుందాం. ఉంటాను మరి.