హత్య కేసుల్లో ముందస్తు పథకం

ముందుగా పథకం వేసుకుని చంపితేనే హత్య అవుతుందన్న నమ్మకం సినిమాలు పెంచినంతగా చట్టం పెంచలేదు. భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్ (పూర్వం శిక్షాస్మృతి 300) అడిగేది ఉద్దేశాన్ని, కొన్ని సందర్భాల్లో తెలివిడిని, పథకాన్ని కాదు. ఉద్దేశం క్షణంలో పుట్టవచ్చు. పథకం దానికి బలమైన సాక్ష్యం మాత్రమే.  

అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్ల గ్రామ కక్షల నుంచి వచ్చిన రాయవరపు పున్నయ్య కేసు (1976) ఈ తేడాను చక్కగా చూపిస్తుంది. దాడికి పథకం ఉంది, కానీ కాళ్లూ చేతులూ విరగ్గొట్టడమే లక్ష్యమని భావించిన హైకోర్టు నేరాన్ని హత్య కాని నరహత్యగా తగ్గించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బరువైన కర్రలతో కావాలనే కొట్టిన దెబ్బలు సహజగతిలో చావుకు చాలినవైతే, చంపాలన్న ఆలోచన విడిగా రుజువు కానక్కర్లేదంది. 1958 నాటి విర్సా సింగ్ తీర్పు వేసిన బాట ఇదే.

అయితే హత్యానేరానికి 101వ సెక్షన్ ఇచ్చే నాలుగో మినహాయింపులో ‘ముందస్తు ఆలోచన లేకుండా’ అని ఎందుకుంది? అభ్యంతరం సబబే. కానీ ఆ మినహాయింపుకు అదొక్కటే చాలదు: అప్పటికప్పుడు చెలరేగిన గొడవ, ఆవేశం ఉండాలి, నిందితుడు పరిస్థితిని అనుచితంగా వాడుకోకూడదు, క్రూరంగా ప్రవర్తించకూడదు. పథకం లేదని తేలినా, ఇవి లేకపోతే హత్యానేరం నిలుస్తుంది.