తెరమీది వరుస, పళ్లెంలోని తిండి: మేడ్చల్–శామీర్‌పేటలో డిజిటల్ నడ్జ్‌ల అవసరం

నాగపూర్ రహదారి మీది మేడ్చల్, రాజీవ్ రహదారి మీది శామీర్‌పేట ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డవి. ఇప్పుడు ఈ ప్రాంతంలో నల్సార్, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం, తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. వంటగది లేని హాస్టల్ గదుల్లో ఉండే విద్యార్థికి, రాత్రి షిఫ్టు ముగించుకొచ్చే ఉద్యోగికి ఫోన్‌లో ఆర్డర్ పెట్టడమే దగ్గరి దారి. అప్పుడు వాళ్లు ఏం తింటారన్నది ఆకలి, జేబులో డబ్బుతో పాటు తెరమీద ముందు ఏం కనిపించిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆ వరుస జోలికి పోకుండా కేలరీల అంకెలు మాత్రమే చేరిస్తే ఒరిగేది తక్కువన్నది ఈ వ్యాసం వాదన.

దేన్నీ నిషేధించకుండా, ధర పెంచకుండా, చూపే తీరు మార్చి ఎంపికను మలచడాన్ని ఆర్థికవేత్త థేలర్, న్యాయ పండితుడు సన్‌స్టీన్‌లు 2008లో తమ పుస్తకంతో ‘నడ్జ్’గా ప్రచారంలోకి తెచ్చారు. ఆహారం విషయంలో ఏ నడ్జ్ పనిచేస్తుంది? పరిశోధకులు కదారియో, షాండోన్‌లు 96 క్షేత్ర ప్రయోగాలను కలిపి 2020లో ప్రచురించిన విశ్లేషణలో సమాచారం ఇచ్చే పద్ధతులు అన్నిటికన్నా బలహీనంగా తేలాయి. పరిమాణాన్ని, అందుబాటును మార్చేవి అన్నిటికన్నా బలంగా నిలిచాయి. అయితే నడ్జ్‌ల ప్రభావాన్ని ఎక్కువ చేసి చెబుతున్నారన్న విమర్శ 2022లో గట్టిగానే వచ్చింది. అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చవుతాయి కనుక ఆ విమర్శను తేలిగ్గా తీసుకోలేం. ఇక్కడి ప్రయోగం ఇక్కడే జరగాలనడానికి అదే కారణం.

మన దేశంలో చట్టం బలహీనమైన దారినే ఎంచుకుంది. 2022 జూలై 1 నుంచి కేంద్ర లైసెన్సు ఉన్న, లేదా పది అంతకుమించి చోట్ల శాఖలున్న హోటళ్లు వంటకాల కేలరీలు చూపాలి. వాటి వివరాలు యాప్‌లలోనూ ఉండాలి. శామీర్‌పేట దారిలో ఒంటరి ధాబాకు, మేడ్చల్‌లో వీధి మలుపున ఉన్న కర్రీ పాయింట్‌కు ఆ నిబంధన వర్తించదు. మరోవైపు సమస్య చిన్నది కాదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. మొత్తం వ్యాధిభారంలో 56.4 శాతానికి సరికాని ఆహారమే కారణమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పేర్కొంది.

ఇక వరుస మార్చాలంటే ‘ఆరోగ్యకరం’ అన్న ముద్ర దేనికి వేయాలి? నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ ప్రశ్నే. సలాడ్ గిన్నెకూ ప్రొటీన్ షేక్‌కూ ముద్ర దక్కి, జొన్న రొట్టె, పాలకూర పప్పు కింద ఎక్కడో ఉండిపోతే ఆ నడ్జ్ ఈ ప్రాంతానిది కాదు, ఇక్కడి వాళ్ల జేబుకు తగిందీ కాదు. పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పోషక విలువల పట్టికల్లో 528 ఆహారాల వివరాలున్నాయి. జొన్న, కంది, ఆకుకూరల లెక్క అక్కడ దొరుకుతుంది. వంటలో ఎంత నూనె పోస్తారన్న లెక్క మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు. ఒక్కో వంటగదిలో అది ఒక్కో తీరు. కాబట్టి ముద్ర వేసేముందు ఆ వంటగదిలోనే నూనె, ఉప్పు కొలవాలి.

తెరమీది వరుస అనే ఇదే పనిముట్టు ఎదురుదిశలో ఇప్పటికే పనిచేస్తోంది. డబ్బు కట్టిన హోటల్ పైకొస్తుంది, బిల్లు కట్టేముందు కూల్‌డ్రింకు కలుపుకోమని తెర అడుగుతుంది. వినియోగదారుణ్ణి మభ్యపెట్టే 13 పద్ధతులను కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నిషేధించింది. అడగకుండా బుట్టలో సరుకు చేర్చడం, ప్రకటనను ప్రకటనగా చెప్పకపోవడం వాటిలో ఉన్నాయి. ఆరోగ్యం పేరుతో చేసే నడ్జ్‌కూ ఇదే కొలత వర్తించాలి. వరుస ఎందుకు మారిందో తెరమీదే చెప్పాలి, ఒక్క నొక్కుతో పాత వరుసకు వెళ్లే వీలుండాలి.

ప్రయోగాన్ని హాస్టల్ మెస్‌ల నుంచి మొదలుపెట్టవచ్చు. ముందస్తు ఆర్డర్ తీసుకునే యాప్‌లో ఒక బృందానికి పాత వరుస, మరో బృందానికి కేలరీల అంకెలు, మూడో బృందానికి జొన్న రొట్టె, పప్పు, పెరుగు పైన ఉండే వరుస చూపాలి. చిన్న పరిమాణం ముందే ఎంచి ఉండాలి, పెద్దది అదే చోట దొరకాలి. నొక్కిన లెక్కతో సరిపెట్టకుండా పళ్లెంలో మిగిల్చిందీ తూయాలి. ఆ రాత్రి బయటి నుంచి మళ్లీ ఏమైనా తెప్పించుకున్నారా అని, వాళ్ల అనుమతితోనే, అడగాలి. కనీసం ఒక సెమిస్టరు సాగాలి. పరీక్షల వారంలో తిండి మారిపోతుంది కనుక ఆ రోజుల లెక్క విడిగా చూడాలి.