విశ్వకిరణములు – మన పల్లెలు

నేను కావ్యవ్యాకరణములు చదివి, చిరకాలము బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. మన పూర్వులు ఆకాశమును కంటితో జూచి గ్రహగతులను గణించిరి. కంటికి గానరానివాని మూలమునను ఆకాశమును చదువవచ్చునని గత శతాబ్దిలో తేలినది. ఆ చరిత్రలో మన పల్లెలకును పాలు గలదు. దానినే నేడు మనవి చేసెదను.

గాలిలో విద్యుత్తు పుట్టించు అదృశ్యకిరణములు భూమిలోని ఖనిజములనుండియే వచ్చునని తొలుత పలువురు తలచిరి. అట్లయిన, పైకి పోయినకొలది అవి తగ్గవలెను గదా! ఆస్ట్రియా దేశస్థుడగు విక్టర్ హెస్ దీనిని పరీక్షింప 1912లో బెలూను నెక్కెను. ఏప్రిల్ 17న సూర్యగ్రహణవేళ కొలిచినను కిరణములు తగ్గలేదు. కావున అవి సూర్యునివి కావని తోచెను. ఆగస్టు 7న 5,300 మీటర్ల యెత్తున అవి మిక్కిలి హెచ్చెను. ఇవి భూమికి ఆవలినుండి వచ్చుచున్నవని ఆయన నిర్ణయించెను. 1936లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

వీనినే విశ్వకిరణములందురు. పేరునకు కిరణములే గాని, ఇవి మహావేగముతో వచ్చు సూక్ష్మకణములు. ఇవి పైగాలిని తాకి పగిలిపోవును. నేలకు వచ్చునవి ఆ తునుకలే. ఒక కణము వేలకొలది కణముల జల్లుగా మారు తీరును 1937లో మన హోమీ భాభాయు, హైట్లరును గణితముతో నిరూపించిరి. కావున మూలకణమును చూడగోరినచో గాలికి మీదికి పోవలసినదే.

భాభా 1945లో స్థాపించిన టాటా పరిశోధనాలయము వారు 1959 నుండి హైదరాబాదులో పెద్ద ప్లాస్టిక్ బెలూనులు వదలుచు వచ్చిరి. 1969లో అచట స్థిరమైన కేంద్రము వెలసెను. హైదరాబాదే యేల? ఈ ప్రాంతము భూమియొక్క అయస్కాంత మధ్యరేఖకు చేరువ. ఇచట ఆ అయస్కాంతశక్తి తక్కువ బలముగల కణములను మరలించివేయును. సంత సద్దుమణిగిన పిదప దూరపు పిలుపు వినబడినట్లు, నక్షత్రములనుండి వచ్చు సన్నని ఎక్స్ కిరణములను, గామా కిరణములను ఇచట సులువుగ గుర్తింపవచ్చును.

ఆ బెలూను వ్యాసము 50 మీటర్లకు మించియుండును; దాని పొర మన సిరిసిల్ల నేతవస్త్రముకంటె పలుచన. హైడ్రోజను నింపగా 30, 40 కిలోమీటర్ల యెత్తునకు పోవును. పని ముగిసిన పిదప యంత్రముల పెట్టె పారాచూటుతో దిగును. గాలి యెటు కొనిపోయిన నటు! ఇది పడదగిన తావులలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలును గలవు.

పొలములో నట్టి పెట్టె కనబడినపుడు కొందఱు బాంబని బెదరుదురు. కొందఱు లోన నేమున్నదో యని విప్పజూతురు. రెండును తగవు. పూర్వము పెక్కు పెట్టెలలో ఫొటోగ్రాఫు మందు పూసిన పొరలుండెడివి. వెలుతురు సోకిన చాలు, ఆకాశము వ్రాసిన వ్రాత చెడిపోవును. నేటి పెట్టెలలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు ఉండవచ్చును. కావున పిల్లలను దూరముగ నుంచి, పెట్టెను కదల్పక, పోలీసు ఠాణాకు గాని పెట్టెమీది చిరునామాకు గాని తెలుపవలెను.

ఎన్నో యేండ్ల శ్రమతో కూర్చిన యంత్రము, అది తెచ్చిన వార్త, తుదకు ఒక రైతు వివేకముపై నిలుచును. మీ ఊరి రచ్చబండకడ ఈ సంగతి పదిమందికి చెప్పుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.